మెసొపొటేమియా పాతాళ దేవతలు

టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల నడుమ మూడు వేల ఏళ్లపాటు వర్ధిల్లిన సుమేరియన్, బాబిలోనియన్, అస్సీరియన్ నాగరికతల్లో చనిపోయినవారి లోకాన్ని ఏలిన దేవతలు వీరు. ఎరెష్కిగల్ రాణి. నెర్గల్ ఆమె భర్త. నమ్తార్ మంత్రి, బిదు ద్వారపాలకుడు, గెష్తినన్న లేఖకురాలు. వీరు గాక నినజు, నింగిష్‌జిద, దుముజి వంటి దేవుళ్లు, అనున్నకి అనే న్యాయమూర్తులు, ప్రాణాలు పట్టుకుపోయే గల్లా భటులు ఆ కొలువులో ఉన్నారు. నేటి ఇరాక్, తుర్కియేలలోనే కాక ఈజిప్టులో సైతం దొరికిన క్యూనిఫాం మట్టిపలకల వల్ల వీరి కథలు వెలుగులోకి వచ్చాయి.

పాతాళమనగానే పాపులు, శిక్షలు, రాక్షసులు మనసులో మెదులుతారు. మెసొపొటేమియా పాతాళం అలాంటిది కాదు. అక్కడికి అందరూ పోవలసిందే. రాజైనా, బానిసైనా, పసిబిడ్డైనా దారి ఒకటే. తెలుగు పాఠకుడికి యముడి కొలువులో చిట్టా విప్పే చిత్రగుప్తుడు బాగా తెలుసు. ఎరెష్కిగల్ కొలువులోనూ పలక చేతబట్టి చదివే లేఖకురాలు ఉంది, కానీ ఆమె పలకలో పాపపుణ్యాల పద్దులు కనబడవు. చనిపోయినవాడి గతి అతను బతికిన తీరును బట్టి కాక, వెనక మిగిలినవాళ్లు అతనికి పోసే నీళ్లను బట్టి ఉంటుంది. ఈ సంగతి గుర్తుంచుకుంటే గానీ ఈ దేవతలు అర్థం కారు. వీరు చెడ్డవారు కారు. ఒక నియమానికి కాపలాదారులు. ఆ నియమం ముందు తామూ తలవంచినవారే.

లోకం, దాని దారులు

సుమేరియన్లు ఈ లోకాన్ని కుర్ అనీ, కిగల్ అనీ, అరలి అనీ పిలిచారు. అక్కాడియన్‌లో ఎర్సెతు అన్నారు, ఆ మాటకు భూమి అని అర్థం. ఇర్కల్లా అనే పేరూ వాడారు. ‘తిరిగిరాని నేల’ అన్నది అందరూ ఎరిగిన బిరుదు. ఈ లోకం భూమి అడుగున, అప్సు అనే మంచినీటి సముద్రానికీ కింద ఉందని నమ్మకం. సూర్యుడు అస్తమించే పడమటి దిక్కున దాని దారి మొదలవుతుంది. ఎడారి దాటి, హుబుర్ నది దాటి, ఏడు ద్వారాలు గడిస్తే గంజిర్ అనే రాణివాసం వస్తుంది. లోపల వెలుతురు ఉండదు. మన్నే ఆహారం. ప్రేతాలు పక్షుల్లా ఈకలు కప్పుకుని ఉంటాయి. తలుపు గడియ మీద దుమ్ము పేరుకుని ఉంటుంది. ఈ వర్ణన దాదాపు మాట మారకుండా గిల్గమెష్ కావ్యం ఏడో పలకలోనూ, ఇష్తార్ అవరోహణలోనూ, నెర్గల్–ఎరెష్కిగల్ కథలోనూ కనిపిస్తుంది. లేఖకులకు అది కంఠతా వచ్చిన ఘట్టం అనుకోవాలి.

చీకటి లోకమే అయినా అది పూర్తిగా మూసుకుపోయినది కాదు. సూర్యదేవుడు ఉతు, అక్కాడియన్ల షమష్, రాత్రిపూట ఆ లోకం గుండా నడిచి తెల్లవారేసరికి తూర్పున తేలతాడు. పోతూ పోతూ ప్రేతాల వ్యాజ్యాలు వింటాడు. దయ్యం పట్టి పీడిస్తోందని మొరపెట్టుకునేవారు షమష్‌నే వేడుకోవడానికి కారణం ఇదే.

ఎరెష్కిగల్

ఎరెష్కిగల్ ఆ రాజ్యాన్ని గెలుచుకోలేదు, కోరుకోనూ లేదు. ‘గిల్గమెష్, ఎన్కిదు, పాతాళం’ అనే సుమేరియన్ కావ్యం ఆరంభంలో ఆకాశాన్ని అన్ దేవుడు తీసుకున్నాడు, భూమిని ఎన్లిల్ దేవుడు తీసుకున్నాడు, కుర్ మాత్రం ఎరెష్కిగల్‌కు కానుకగా దక్కింది. పై లోకంలో దేవతలు విందు చేసుకుంటే ఆమె రాలేదు, వాళ్లు ఆమె దగ్గరికి దిగి రాలేరు. చెల్లెలు ఇనన్న ప్రేమకు, యుద్ధానికి, ఆకాశంలో వేగుచుక్కకు దేవత. అక్క ఏడు తలుపుల వెనక ఉంటుంది.

ఆ ఇద్దరూ ఎదురుపడిన కథే ఇనన్న అవరోహణ. సుమారు 400 పంక్తుల ఈ సుమేరియన్ కావ్యం ప్రతులు ఎక్కువగా క్రీ.పూ. 18వ శతాబ్దానివి. ముక్కలైన పలకలు ఇస్తాంబుల్, ఫిలడెల్ఫియా మ్యూజియంలలో చెరో చోట పడి ఉంటే, శామ్యూల్ నోవా క్రేమర్ వాటిని కలిపి కథను పునర్నిర్మించాడు. బావ గుగలన్న అంత్యక్రియలకు వచ్చానని చెప్పి ఇనన్న ద్వారం తట్టింది. రాణి మాట మేరకు బిదు ఒక్కో ద్వారం దగ్గరా ఒక్కో వస్తువు తీయించాడు. మొదట తలపాగా, తర్వాత మెడలోని చిన్న లాజవర్ద పూసలు, రొమ్ము మీది జంట పూసలు, పతకం, చేతి బంగారు కడియం, కొలబద్ద, కొలతాడు, చివరికి ఒంటి మీది రాచవస్త్రం. ఎందుకని ఆమె అడిగిన ప్రతిసారీ ఒకే జవాబు: పాతాళ నియమాలు లోపం లేనివి, నోరు మెదపవద్దు. ఏడో ద్వారం దాటేసరికి స్వర్గరాణి ఒంటి మీద ఏమీ మిగలలేదు. ఏడుగురు అనున్నకి న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. ఇనన్న శవమైంది. ఆ శవాన్ని కొక్కేనికి తగిలించారు.

ఇక్కడిదాకా ఎరెష్కిగల్ కఠినురాలనిపిస్తుంది. అసలు ఆమెను చూడవలసింది తర్వాతి ఘట్టంలో. మూడు పగళ్లు, మూడు రాత్రులు గడిచాక ఇనన్న చెలికత్తె నిన్షుబుర్ సాయం కోసం దేవుళ్ల గుమ్మాలు తొక్కింది. నిప్పూరులో ఎన్లిల్, ఊర్‌లో నన్న చేతులెత్తేశారు. ఎరిదులో ఎన్కి మాత్రం తన గోళ్ల కింది మట్టి తీసి కుర్గర, గలతుర అనే ఇద్దరిని చేశాడు. వాళ్లు ఈగల్లా తలుపు సందుల్లోంచి లోపలికి దూరారు. ఎరెష్కిగల్ ప్రసవవేదన పడే స్త్రీలా పడి ఉంది. భుజాల మీద బట్ట లేదు, జుట్టు చెదిరిపోయింది. అయ్యో నా కడుపు అని ఆమె మూలిగితే, అయ్యో తల్లీ నీ కడుపు అని వాళ్లూ మూలిగారు. అయ్యో నా ఒళ్లు అంటే, అయ్యో నీ ఒళ్లు అన్నారు. మందు ఇవ్వలేదు, నీతులు చెప్పలేదు. బాధను బాధగా పలికారు, అంతే. రాణి మనసు కరిగింది. నీళ్లతో నిండిన నది ఇస్తాను, పంటతో నిండిన పొలం ఇస్తాను అంది. వాళ్లు కొక్కేనికి వేలాడే శవాన్ని మాత్రమే అడిగారు. మెసొపొటేమియా సాహిత్యంలో మృత్యుదేవతను ఇంత దగ్గరగా చూపిన ఘట్టం ఇంకొకటి లేదనే చెప్పాలి. ఆమె నొప్పిని ఎవరూ అడగలేదు గనక, అడిగిన ఇద్దరికీ లోకంలో ఎవరికీ దక్కని వరం దక్కింది.

వరం దక్కినా నియమం సడలలేదు. ఒకరు పైకి పోవాలంటే వారి బదులు ఇంకొకరు దిగాలి. గల్లా భటులు ఇనన్న వెంట నడిచారు. వీళ్లు అన్నం ఎరగరు, నీళ్లెరగరు, లంచం పట్టరు, భర్త కౌగిట్లోంచి భార్యను లాక్కుపోతారు. తన కోసం ఏడ్చినవారిని ఇనన్న అప్పగించలేదు. కులబలో మాత్రం భర్త దుముజి మంచి బట్టలు కట్టుకుని సింహాసనం మీద దర్జాగా కూర్చుని కనిపించాడు. ఆమె చూపు అతని మీద పడింది. చివరికి అతని తోబుట్టువు గెష్తినన్న ఏడాదిలో సగం అతని బదులు తాను పాతాళంలో ఉంటానని ఒప్పుకుంది. అక్కాడియన్‌లో ఇనన్న పేరు ఇష్తార్; తర్వాతి కాలపు అక్కాడియన్ ఇష్తార్ అవరోహణ సుమారు 140 పంక్తుల్లో ఇదే కథను క్లుప్తంగా చెబుతుంది. అందులో ఎరెష్కిగల్ అరవై రోగాలను చెల్లెలి మీదికి వదలమంటుంది. ఇష్తార్ లేకపోవడంతో భూమ్మీద పశువుల, మనుషుల సంతానం ఆగిపోతుంది.

ఎరెష్కిగల్ రూపం ఇదీ అని నిక్కచ్చిగా చెప్పగల శిల్పం ఏదీ లేదు. బ్రిటిష్ మ్యూజియం 2003లో 15 లక్షల పౌండ్లకు కొన్న ‘రాత్రి రాణి’ ఫలకం ఆమెదే కావచ్చని కొందరి వాదన, ఇష్తార్‌ది అని మరికొందరిది. సుమారు 50 సెంటీమీటర్ల ఎత్తున్న కాల్చిన మట్టి ఫలకం అది. కొమ్ముల కిరీటం, కిందికి వాలిన రెక్కలు, పక్షి గోళ్ల పాదాలు, కాళ్ల కింద రెండు సింహాలు, చెరో పక్క గుడ్లగూబలు. ఒకప్పుడు ఒంటికి ఎర్రరంగు, వెనక నల్లరంగు పూసి ఉండేవి. వాలిన ఆ రెక్కలూ, నల్లటి ఆ నేపథ్యమూ పాతాళాన్నే సూచిస్తున్నాయన్న వాదనకు బలముంది.

నెర్గల్

నెర్గల్ మొదట పాతాళ రాజు కాడు. అతని ఊరు బాబిలోన్‌కు ఈశాన్యాన ఉన్న కుథా. గుడి పేరు ఎమెస్లామ్. యుద్ధంలో మూకుమ్మడి చావు, అంటురోగం, వేసవి మధ్యాహ్నపు చంపే ఎండ అతని చేతిలోవి. సింహం తల ఉన్న గద అతని గుర్తు. గ్రహాల్లో అంగారకుడు అతనిది. క్రీ.పూ. 23వ శతాబ్దంలో అక్కాడ్ చక్రవర్తి నరాం–సిన్, సిరియా వైపు తన దండయాత్రకు దారి తెరిచింది నెర్గలేనని రాయించుకున్నాడు. ఎర్ర అనే ఇంకో మారి దేవుడు అతనిలో కలిసిపోయాడు. ఎర్ర మీద కబ్తి–ఇలాని–మర్దుక్ చెప్పిన కావ్యాన్ని రోగాలు రాకుండా తాయెత్తు పలకల మీద రాసి ఇళ్లలో వేలాడదీసేవారు. నాశనం చేసే దేవుడి కథే నాశనం నుంచి కాపాడుతుందని నమ్మకం.

ఇతను ఎరెష్కిగల్ భర్త ఎలా అయ్యాడో చెప్పే కథకు రెండు రూపాలున్నాయి. మొదటిది 1887లో ఈజిప్టులోని అమర్నాలో బయటపడిన పలకల్లో ఉంది. క్రీ.పూ. 14వ శతాబ్దంలో ఈజిప్టు లేఖకులు అక్కాడియన్ నేర్చుకోవడానికి వాడిన పాఠం అది. చదవడానికి వీలుగా మాటల దగ్గర ఎర్ర సిరాతో పెట్టిన చుక్కలు ఆ పలక మీద ఇప్పటికీ కనిపిస్తాయి. దేవతల విందులో తన వంతు తెమ్మని ఎరెష్కిగల్ దూతను పంపితే, అందరూ లేచి నిలబడ్డారు, నెర్గల్ లేవలేదు. ఆమె అతన్ని పంపమంది. అతను ఏఆ (ఎన్కికి అక్కాడియన్ పేరు) ఇచ్చిన భూతాలను ద్వారాల దగ్గర కాపలా పెట్టి లోపలికి దూసుకుపోయి, జుట్టు పట్టి ఆమెను సింహాసనం మీంచి దించాడు. చంపవద్దు, నువ్వు రాజువై ఉండు, నేను రాణినై ఉంటాను అని ఆమె అంటే అతను ఆమె కన్నీళ్లు తుడిచాడు.

రెండోది క్రీ.పూ. 7వ శతాబ్దానిది, హర్రాన్ దగ్గరి సుల్తాన్‌తెపెలో 1951–52 తవ్వకాల్లో దొరికింది. ఇది చాలా పెద్దది, చాలా భిన్నమైనది. వాళ్లిచ్చే పీట మీద కూర్చోవద్దు, రొట్టె తినొద్దు, బీరు తాగొద్దు, కాళ్లు కడుక్కోవద్దు, రాణి స్నానానికి పోతే చూసి మనసు పారేసుకోవద్దు అని ఏఆ నెర్గల్‌ను హెచ్చరించాడు. అన్నీ పాటించాడు, చివరిది తప్ప. ఆరు రోజులు ఆమెతో గడిపి ఏడో నాడు చెప్పకుండా పైకి పోయాడు. ఎరెష్కిగల్ నేల మీద పడి ఏడ్చింది. చిన్నప్పటి నుంచి ఆటలెరగను, పాటలెరగను అని విలపించింది. అతన్ని పంపకపోతే చచ్చినవాళ్లను పైకి లేపుతాను, వాళ్లు బతికినవాళ్లను తింటారు, బతికినవాళ్ల కంటే చచ్చినవాళ్లే ఎక్కువవుతారు అని దేవతలకు కబురు పెట్టింది. అతను తిరిగి వచ్చి అక్కడే ఉండిపోయాడు. రెండు కథల్లో ఏది ఇష్టమో పాఠకుడే తేల్చుకోవచ్చు. రెండోదానిలో రాణి గౌరవం మిగిలింది, ఒంటరితనమూ తెలిసింది.

కథ వెనక చరిత్ర ఉంది. సుమేర్‌లో ఒక్కో ఊరికి ఒక్కో మృత్యుదేవత ఉండేది. రాజ్యాలు పెద్దవై ఊళ్లు ఒకే పాలన కిందికి వచ్చాక ఈ దేవతలందరినీ ఒకే కొలువులో కూర్చోబెట్టవలసి వచ్చింది. దక్షిణాది రాణికీ, కుథా దేవుడికీ పెళ్లి ఆ సర్దుబాటే. కుథా అనే ఊరి పేరే పాతాళానికి పర్యాయపదమైపోయింది. ఇష్తార్ అవరోహణలో ద్వారపాలకుడు ఆమెను లోపలికి ఆహ్వానిస్తూ ఆ పేరే పలుకుతాడు. బైబిల్ రాజుల రెండో గ్రంథం కూడా కుథావారి దేవుడు నెర్గల్ అని చెబుతుంది.

కొలువులోని ఇతరులు

నమ్తార్ అంటే విధి. అతను రోగాల రూపంలో వస్తాడు. అయినా సిగ్గెరిగిన దేవుడు. మనుషుల రొద పడలేక ఎన్లిల్ మారి రోగం పంపినప్పుడు, మిగతా దేవుళ్లను కొలవడం మానేసి నమ్తార్ గుమ్మానికే కాల్చిన రొట్టె పట్టుకెళ్లండని ఎన్కి తన భక్తుడు అత్రహసీస్‌కు ఉపాయం చెప్పాడు. అంత ఆదరం చూసి నమ్తార్ సిగ్గుపడి తన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

నినజు ఎరెష్కిగల్ కొడుకు. పాములకూ వైద్యానికీ దేవుడు. అతని ఊరు ఎనెగి. గుడుల స్తోత్రాల్లో ఆ ఊరిని పాతాళానికి నీళ్లు పోసే పెద్ద గొట్టమని వర్ణించారు. నినజు కొడుకు నింగిష్‌జిదను లగాష్ పాలకుడు గుదియ తన ఇష్టదైవంగా కొలిచాడు. గుదియ అతనికి సమర్పించిన రాతి పాత్ర లూవ్ర్ మ్యూజియంలో ఉంది. పెనవేసుకున్న రెండు పాములు, చెరో వైపు రెక్కలున్న రెండు నాగసింహాలు దాని మీద చెక్కి ఉన్నాయి. నింగిష్‌జిద, దుముజి ఇద్దరూ ఏడాదిలో కొంతకాలం మాయమయ్యే దేవుళ్లు. భూమి నుంచి పోయి తిరిగివచ్చే పచ్చదనానికి వీరే రూపాలు.

నుంగల్ చెరసాల దేవత. కావ్యనాయకుడు గిల్గమెష్ బతికున్నప్పుడు చావును జయించలేకపోయినా, చనిపోయాక పాతాళంలో న్యాయమూర్తి పదవి పొందాడు. ఈ కొలువు మొత్తాన్ని ఒక్కచోట చూపేది అస్సూర్‌లో దొరికిన క్రీ.పూ. 7వ శతాబ్దపు పలక. కుమ్మ అనే రాకుమారుడు కలలో పాతాళానికి దిగాడు. మృత్యువుకు సర్పరాక్షసి తల ఉంది. బిదుకు సింహం తల, మనిషి చేతులు, పక్షి పాదాలు. పడవవాడు హుముత్–తబల్‌కు అన్జు పక్షి తల. నెర్గల్ మెరుపుల నడుమ సింహాసనం మీద ఉన్నాడు. జుట్టు పట్టి ఈడ్చుకెళ్లి చంపబోతుంటే ఇషుమ్ అనే దేవుడు అడ్డుపడి కుమ్మను బతికించాడు. అతను అరుస్తూ నిద్ర లేచాడు.

బతికినవారి బాధ్యత

‘గిల్గమెష్, ఎన్కిదు, పాతాళం’ కావ్యంలో ఎన్కిదు పాతాళంలో చూసినవి తన మిత్రుడు గిల్గమెష్‌కు చెప్పే ఘట్టంలో ఒక కొడుకున్నవాడు ఏడుస్తుంటాడు. ఇద్దరున్నవాడు రెండు ఇటుకల మీద కూర్చుని రొట్టె తింటాడు. అయిదుగురున్నవాడు మంచి లేఖకుడిలా రాజమందిరంలోకి నడిచిపోతాడు. ఏడుగురున్నవాడు చిన్న దేవుళ్ల సరసన కూర్చుంటాడు. వారసుడు లేనివాడికి ఆవంలో కాల్చిన ఇటుక లాంటి రొట్టె. లోకం చూడకుండానే పోయిన పసిబిడ్డలు మాత్రం బంగారు, వెండి బల్లల దగ్గర తేనె, నెయ్యితో ఆడుకుంటారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లులు విని ఊరడిల్లాలనే ఆ మాట రాశారని నా నమ్మకం. నిప్పులో కాలిపోయినవాడి ప్రేతం అసలు అక్కడ లేదు, పొగగా పైకి పోయింది. కొన్ని ప్రతుల్లో తల్లిదండ్రుల మాట మీరినవాడు దాహంతో అలమటిస్తాడు. కర్మఫలం ఛాయ కనిపించేది ఇలాంటి ఒకటి రెండు చోట్లే.

అందుకే కిస్పు అనే తంతు ప్రతి ఇంటా ఉండేది. ఇంటి నేల కింద పెద్దలను పాతిపెట్టి, అమావాస్య నాడు వాళ్ల పేర్లు పిలిచి, రొట్టె పెట్టి, మట్టి గొట్టం గుండా చల్లటి నీళ్లు పోసేవారు. నీళ్లు అందని ప్రేతం వీధుల్లో పడి ఎంగిలి మెతుకులు ఏరుకుంటుంది, బతికినవారిని పీడిస్తుంది. బాబిలోన్ రాజు అమ్మి–సదుక కిస్పు పాఠంలో తన వంశకర్తలను పిలిచి ఊరుకోలేదు. యుద్ధంలో చచ్చిన సైనికులను, నీళ్లు పోసే దిక్కు లేని ప్రతి ఒక్కరినీ రమ్మని, తినమని, తాగమని పిలిచాడు. దీనికి పూర్తి విరుద్ధంగా క్రీ.పూ. 647 ప్రాంతంలో అస్సీరియా రాజు అషుర్‌బనిపాల్ సూసా నగరంలో ఎలామ్ రాజుల సమాధులు తవ్వించి ఎముకలు ఎత్తుకుపోయాడు. వాళ్ల ప్రేతాలకు నీళ్లు, తిండి లేకుండా చేశానని శాసనంలో గర్వంగా చెప్పుకున్నాడు. శత్రువును చంపాక కూడా వేయగల శిక్ష అది.

పాతాళ దేవతలకూ కానుకలు అందేవి. ఊర్ రాజు ఊర్–నమ్మ మరణం మీద రాసిన సుమేరియన్ కావ్యంలో, అతను దిగివెళ్లి నెర్గల్, గిల్గమెష్, ఎరెష్కిగల్, దుముజి, నమ్తార్, నింగిష్‌జిదలకు ఎవరి గుమ్మంలో వారికి ఆయుధాలు, నగలు, దుస్తులు ఇచ్చి తన చోటు సంపాదించుకుంటాడు. అంత ఇచ్చినా మనసు కుదుటపడలేదు. సగంలో ఆగిపోయిన ఊరి గోడ, ముద్దాడలేకపోయిన బిడ్డ గుర్తొచ్చి ఏడ్చాడు. 1922 నుంచి 1934 వరకు ఊర్‌లో జరిపిన తవ్వకాల్లో లియొనార్డ్ వూలీ వెలికితీసిన రాజసమాధులు ఆ కావ్యానికి కొన్ని శతాబ్దాల ముందటివి. వాటిలో ఒక గోతిలో 74 మంది పరిచారకుల కళేబరాలు దొరికాయి.

క్యూనిఫాం లిపి క్రీస్తుశకం తొలి శతాబ్దాల్లో అంతరించినా ఈ దేవతలు వెంటనే మాయం కాలేదు. ఈజిప్టులో దొరికిన గ్రీకు మంత్రగ్రంథాల్లో ఎరెష్కిగల్ పేరు హెకటె దేవతకు బిరుదుగా కనిపిస్తుంది. తమ్మూజ్ అని కూడా పిలిచే దుముజి కోసం స్త్రీలు జెరూసలేం గుడి ముంగిట ఏడవడం చూశానని బైబిల్ ప్రవక్త యెహెజ్కేలు చెప్పాడు. ప్రేతాలు పైకి వచ్చే కాలమని బాబిలోన్ ప్రజలు కిస్పు ఘనంగా జరిపిన మాసం పేరు అబు, దుముజికి ఏడ్చే మాసం అతని పేరనే ఉండేది. ఇరాక్‌లో ఇప్పటికీ జూలై నెలను తమ్మూజ్ అని, ఆగస్టును ఆబ్ అని పిలుస్తారు.